ఎనిమిది రోజుల మౌన రిట్రీట్ రివ్యూ: దేవుడు పలకట్లేదు అనుకునేవాళ్ళు వెళ్ళొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఇది రిసార్ట్ రివ్యూ కాదు, యోగా క్యాంపు అంతకన్నా కాదు. కేథలిక్ ఫాదర్లు, సిస్టర్లు నడిపే రిట్రీట్ హౌస్‌లో ఎనిమిది రోజుల మౌన ధ్యానం, దానికి నేనిచ్చే మార్కులు అయిదుకి నాలుగు. హౌస్ పేరు, ఊరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి, పాపం వాళ్ళు మంచోళ్ళే, పైగా ఇలాంటివి ఇంకా ఉన్నాయి, పద్ధతి కూడా చాలావరకు ఒకటే, మీ దగ్గర్లో ఏ ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) చర్చిలో అడిగినా దారి చెప్తారు.

ఎవరి కోసం రాస్తున్నానంటే, బైబిల్ తెరిస్తే పేపర్ చదివినట్టు ఉండేవాళ్ళకి, పాట మొదలెడితే గొంతు పాడుతుంటుంది గానీ మనిషి మాత్రం అక్కడ ఉండని వాళ్ళకి, మోకాళ్ళ మీద కూర్చుంటే మోకాళ్ళ నొప్పి తప్ప ఇంకేమీ తెలియని వాళ్ళకి. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు, కాకపోతే ఎందుకింత గోల అనిపిస్తుంది.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో దిగిన దగ్గర్నుంచి ఆ మిషన్ నీడలో బతికిన ఇళ్ళలో మాదొకటి. సండే స్కూల్, యూత్, స్త్రీల సమాజం, క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్ళ కింది స్థాయి గొంతు), అన్నీ అయ్యాయి, అవుతూనే ఉన్నాయి. అలాంటిది చాన్నాళ్ళుగా లోపల ఏమీ లేదు. కోపం లేదు, అనుమానం కూడా పెద్దగా లేదు, ఏమీ లేదంతే. ఉన్నాడనే నమ్మకం ఉంది, నా దగ్గర మాత్రం లేడు అన్నట్టు. ఇది ఎవరికైనా చెప్పి చూడండి మన సంఘాల్లో. "చల్లారిపోయిందమ్మా" అంటారు, "వెనకబడిపోయింది" అంటారు. ఒక అయ్యగారైతే చాలా ప్రేమగానే, తలమీద చెయ్యి పెట్టి మరీ, ఏదైనా రహస్య పాపం ఉందేమో పరీక్షించుకోమ్మా అన్నారు. పరీక్షించుకున్నా. పాపాలకేం లోటు, దొరికాయి, ఒప్పుకున్నా, ఆ తర్వాత కూడా అంతే. ఉపవాస ప్రార్థనలకి వెళ్ళా, ఆల్ నైట్ ప్రేయర్లకి వెళ్ళా, తెల్లారేసరికి నిద్ర వచ్చింది, ఆత్మ రాలేదు. ఒక ఫోన్ ప్రేయర్ లైన్‌కి కూడా చేశా, అవతలి తమ్ముడు నేను సమస్య చెప్పడం పూర్తవకముందే గట్టిగా ప్రార్థన మొదలెట్టి, ఎండిన ఎముకలు లేస్తాయి అని చెప్పి, ఆమెన్ అన్నాక నెల నెలా భాగస్వామిగా చేరతారా అక్కా అని అడిగాడు. సర్వీసులన్నిటికీ రివ్యూ రాయాలంటే దానికి ఒక్క మార్కు, ఫోన్ వెంటనే ఎత్తినందుకు.

ఇంకో మాట, జనవరి ఒకటిన అర్ధరాత్రి ఆరాధన అయ్యాక ఆ ఏడాదికి బైబిల్ వచనం ఉన్న వాగ్దాన కార్డు తీస్తాం కదా, నాకు వచ్చింది "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను". బంగారు రంగు అక్షరాలు, పక్కన గులాబీ బొమ్మ. ఫ్రిజ్ మీద అతికించా. ఏడాదంతా పాలు తీసేటప్పుడల్లా అది నన్ను చూసేది, నేను దాన్ని చూసేదాన్ని.

మా ఆఫీసులో ఒక ఆర్.సి.ఎం. అక్క ఉంది, ఆవిడే చెప్పింది ఈ రిట్రీట్ సంగతి. మా ఆయన మొదట్లో "పోయి పోయి విగ్రహాల దగ్గరికా" అన్నాడు, తర్వాత ఎనిమిది రోజులు ఇంట్లో నా సణుగుడు ఉండదని గ్రహించి ఒప్పుకున్నాడు. నాన్ కేథలిక్కులని రానిస్తారా అని నాకూ భయమే, ఫోన్ చేసి అడిగితే సిస్టర్ గారు నవ్వి, సీఎస్ఐ వాళ్ళు, బాప్టిస్టులు కూడా వస్తుంటారమ్మా, పూజలో సత్ప్రసాదం (మన ప్రభు భోజనం రొట్టె లాంటిది) మాత్రం తీసుకోకూడదు, పూజకి రావడం మానడం మీ ఇష్టం అన్నారు. అంతవరకు క్లియర్‌గా చెప్పడం నాకు నచ్చింది.

ఏమిస్తారు అంటే: ఒక గది, మంచం, టేబుల్, ఫ్యాను, బల్ల మీద ఒక బైబిల్, గోడకి సిలువ. మూడు పూటలా భోజనం. రోజూ ఒక అరగంట పైచిలుకు ఒక ఫాదర్‌తో విడిగా మాట్లాడే టైము. మిగతా రోజంతా మౌనం. ఫోన్ ఆఫీసులో ఇచ్చేయమంటారు, బలవంతం ఏమీ లేదు గానీ ఇవ్వకపోతే డబ్బు దండగ. రేటు ఫిక్స్‌డ్‌గా లేదు, రోజుకింత అని ఒక అంకె సూచిస్తారు, అది మామూలు లాడ్జి రూముకన్నా తక్కువే, అది కూడా ఇవ్వలేని వాళ్ళు కవర్‌లో ఉన్నంత పెట్టొచ్చు, ఎవరూ విప్పి లెక్కపెట్టరు. మన దగ్గర స్టేజి మీద పేర్లు చదివే కానుకలకి అలవాటు పడ్డ ప్రాణానికి ఇది కొత్తగా ఉంటుంది.

ఈ పద్ధతి వాళ్ళు కనిపెట్టింది కాదు, లొయోలా ఇగ్నేషియస్ అనే స్పెయిన్ ఆయనది. ఆయన సైనికుడు, 1521లో పంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు, అక్కడ దేవుడి వైపు తిరిగాడు, ఆ తర్వాత మన్రేసా అనే ఊర్లో నెలల తరబడి నరకం చూశాడు, ఎంత ప్రార్థించినా శాంతి లేదు, చచ్చిపోదామన్న ఆలోచన దాకా వెళ్ళాడు. అప్పుడు తన లోపల జరిగేవన్నీ గమనించి రాసుకున్న నోట్సే తర్వాత ధ్యాన పుస్తకమైంది, 1548లో పోప్ ఆమోదించాడు. పూర్తి కోర్సు ముప్ఫై రోజులు, మనలాంటి లీవులు దొరకని వాళ్ళకి ఎనిమిది రోజుల వెర్షన్. ఆ పుస్తకం మనం చదువుకోవాల్సింది కాదు, అది నడిపించే ఫాదర్ చేతిలో ఉండే గైడు, మనకి రోజూ ఒకటో రెండో వాక్యభాగాలు ఇచ్చి పంపిస్తారు, అంతే.

మౌనం గురించి చెప్పాలి. మొదటి రోజు నరకం. నోరు మూసుకోవడం కష్టం కాదు, నోరు మూసుకున్నాక తలలో మొదలయ్యే రొద కష్టం, గ్యాస్ కట్టానా లేదా, వాడు ఫీజు కట్టాడా, ఎప్పుడో పెళ్ళిలో ఆడపడుచు అన్న మాట. భోజనాల దగ్గర ఇంకా వింత. పొడుగు బల్లకి అటూ ఇటూ కూర్చుంటాం, ఎదురుగా ముక్కూ మొహం తెలియని సిస్టర్, ఎవరూ మాట్లాడరు, చిన్నగా ఫ్లూట్ పెడతారు. గోంగూర పచ్చడి సీసా ఆవిడ చేతి దగ్గర ఉంది, నా దగ్గర ముద్దపప్పు ఉంది, అడగడానికి లేదు. నేను సీసా వైపు చూశా, ఆవిడ నా వైపు చూసింది, సీసా జరిపింది, మూత తీసి మరీ జరిపింది. రెండో రోజు నుంచి నేను కూర్చోకముందే సీసా నా ప్లేటు దగ్గర ఉండేది. చివరి రోజు మౌనం విప్పాక తెలిసింది ఆవిడ కేరళ సిస్టర్, తెలుగు సరిగ్గా రాదు, పచ్చడి అసలు తినదు.

ఇక అసలు విషయం, ఆ రోజువారీ మీటింగ్. నాకు పడిన ఫాదర్ పెద్దాయన, జెస్యూట్, అంటే ఆ ఇగ్నేషియస్ పెట్టిన సభ ఆయన, తెలుగువాడే. మొదటి మీటింగ్‌లో నేను నా ఆత్మీయ చరిత్రంతా ప్రిపేరై వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, నిద్ర పడుతోందా అమ్మా. తర్వాత, అన్నం తింటున్నారా, బరువు తగ్గారా, థైరాయిడ్ టెస్టు చేయించుకున్నారా, ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా. అమ్మ పోయిందని చెప్పా. ఇది అమ్మ పోయాక మొదలైందా, ముందే ఉందా అన్నారు. ముందే ఉంది. నవ్వొస్తోందా, పిల్లలతో ఉంటే బాగుంటోందా, పని చేయగలుగుతున్నారా. అన్నీ చేయగలుగుతున్నా, దేవుడి దగ్గరికి వచ్చేసరికే ఇది అన్నా. అప్పుడు, సరే అయితే మనం మాట్లాడుకోవచ్చు, నిద్ర, తిండి, బతుకు మీద ఆశ పోయుంటే ముందు డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణి, తర్వాత ఇక్కడికి అన్నారు. మన సంఘాల్లో నాకు ఇంతమంది ప్రార్థన చేశారు గానీ ఈ ప్రశ్నలు ఒక్కరూ అడగలేదు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద నేను చచ్చిపోతాను ప్రభువా అంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు, అది మొదటి రాజులు 19లోనే ఉంది, ఎన్ని ప్రసంగాల్లో విన్నామో, ఆ రొట్టె మాత్రం మనం ఎవరికీ పెట్టం.

రెండో రోజో మూడో రోజో ఇగ్నేషియస్ రూల్స్ చెప్పారు. ఈ ఎండిపోయిన స్థితికి వాళ్ళ దగ్గర డెసొలేషన్ అని పేరుంది, దానికి రూల్స్ ఉన్నాయి, అదేదో ట్రాఫిక్ రూల్స్ చెప్పినంత మామూలుగా చెప్తారు. నాకు పనికొచ్చింది అయిదోది: ఈ స్థితిలో ఉన్నప్పుడు నిర్ణయాలు మార్చకూడదు. బాగున్న రోజుల్లో తీసుకున్న నిర్ణయం ఏదుందో దాన్ని పట్టుకుని ఉండాలి, చీకట్లో కొత్తవి తీసుకోకూడదు. నేను వెళ్ళేముందే క్వయర్ మానేద్దామని డిసైడైపోయి వెళ్ళా, నమ్మకం లేని నోటితో పాడటం దొంగతనం లాగా అనిపించేది. ఆయన మానొద్దు అనలేదు, కొనసాగించు అని కూడా అనలేదు, మానాలనుకుంటే వెలుతురు వచ్చాక మానండి, అప్పుడు కూడా మానాలనిపిస్తే అది నిజమైన నిర్ణయం అన్నారు. ఇంకో రూల్, ఎండిన రోజున ప్రార్థన టైము తగ్గించకూడదు, గంట అనుకుంటే గంట మీద ఇంకొంచెం కూర్చోవాలి, మొండికేసినట్టు. ఇంకోటి, దీన్ని లోపల దాచుకోకూడదు, అర్థం చేసుకునే ఒక మనిషికి చెప్పేయాలి, దాచినంతసేపూ అది పెద్దదవుతుందట. ఆ ఒక్క మనిషి కోసమే నేను బస్సెక్కి అంతదూరం వెళ్ళాల్సొచ్చింది, అది వేరే విషయం.

ఎందుకొస్తుంది అంటే ఆ రూల్స్‌లోనే మూడు కారణాలు రాశాడు ఆయన. ఒకటి మన బద్ధకం, మన నిర్లక్ష్యం. రెండు, బహుమానాలేమీ లేకపోయినా ఎంతవరకు నిలబడతామో అన్న పరీక్ష. మూడు, ఆ సంతోషం మన సొంతం కాదు, ఇస్తేనే వచ్చేదని తెలియడానికి. మన అయ్యగార్లు ఒకటో కారణం దగ్గరే ఆగిపోతారు. కానీ ఇక్కడ ఒక తిట్టు కూడా ఉంది, సాయంత్రం అందరికీ కలిపి చిన్న ప్రసంగం ఉంటుంది, అది చెప్పిన సిస్టర్ గారు ఒకటో కారణాన్ని పూర్తిగా దాటేసి, ఎండిపోయారంటే దేవుడికి మీరంటే ప్రత్యేకమైన ఇష్టం, పెద్ద పెద్ద పరిశుద్ధులకే ఇలా జరుగుతుంది అని చెప్పేశారు. నాకు అది నచ్చలేదు. పొద్దున్నే రీల్స్ చూసి బైబిల్ మానేసినోళ్ళందరికీ సెయింట్ సర్టిఫికెట్ ఇచ్చేస్తే ఎలా. ఫాదర్‌కి చెప్తే ఆయన నవ్వి, మీకు నాలుగో రోజుకే వాదించే ఓపిక వచ్చింది, మంచిదే అన్నారు.

మరి నాది బద్ధకమా ఇంకోటా ఎలా తెలుస్తుంది అని అడిగా. దానికి ఆయన ఇంకో స్పెయిన్ ఆయన్ని తీసుకొచ్చారు, సిలువ యోహాను. ఈయన కథ విన్నాక నాకు నోట మాట రాలేదు, ఎలాగూ మౌనమే అనుకోండి. 1577 డిసెంబర్‌లో ఈయన్ని ఎత్తుకెళ్ళి టొలేడోలో చిన్న గదిలో బంధించింది శత్రువులు కాదు, సొంత సన్యాసుల సభ వాళ్ళే, సంస్కరణలు తెస్తున్నాడని. ఎక్కడో పైనున్న సందులోంచి వచ్చే కాస్త వెలుతురే వెలుతురు. తొమ్మిది నెలలు. 1578 ఆగస్టులో దుప్పట్లు చింపి తాడు చేసుకుని గోడ దిగి పారిపోయాడు. ఆత్మకి పట్టే చీకటి రాత్రి గురించి అందరికన్నా లోతుగా రాసింది ఈయనే. ఈయన మూడు గుర్తులు చెప్పాడు. దేవుడి విషయాల్లో రుచి లేదు, అలాగని లోకం విషయాల్లోనూ రుచి లేదు, అది ఒకటి. రెండోది, రుచి లేకపోయినా మనసు మాటిమాటికీ దేవుడి వైపే పోతుంది, నేను సరిగ్గా సేవించట్లేదేమో, వెనక్కి పోతున్నానేమో అని బాధపడుతుంది. మూడోది, మునుపు చేసినట్టు ఊహించుకుని ధ్యానం చేద్దామన్నా కుదరదు. చల్లారిపోయినవాడికి రెండోది ఉండదమ్మా, వాడికి చింతే ఉండదు, హాయిగా ఉంటాడు అన్నారు ఫాదర్. అంతే కాదు, ఇదంతా కేవలం ఒంట్లో బాగాలేక వచ్చిన దిగులు కూడా కావచ్చు, చూసుకోండి అని ఆ సిలువ యోహానే అప్పట్లోనే రాశాడట. నాలుగు వందల ఏళ్ళ కిందటి సన్యాసికి ఉన్న తెలివి మన ప్రేయర్ లైన్ తమ్ముడికి లేకపోవడం ఏంటో.

అప్పటిదాకా నన్ను నేను వెనకబడినదాన్ని అనే అనుకున్నా. ఆ రోజు గదికి వచ్చి మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చా. దేవుడు వచ్చాడని కాదు, రాలేదు. తిట్టు తీసేసినందుకు.

మదర్ తెరెసా సంగతి కూడా చెప్పారు, ఇది నాకు పైపైన తెలుసు, వివరంగా తెలీదు. 1946 సెప్టెంబర్ 10న డార్జిలింగ్ వెళ్ళే రైల్లో ఆమెకి పిలుపు వచ్చింది, ఆ రోజుల్లో యేసు స్వరం అంత స్పష్టంగా ఉంది. 1950లో ఆమె సిస్టర్ల సభ మొదలైంది. సరిగ్గా పని మొదలయ్యే వేళకి లోపల అంతా ఆగిపోయింది. 1958లో కొన్ని వారాలు కాస్త తెరపి, మళ్ళీ చీకటి, 1997లో చనిపోయేదాకా. నోబెల్ బహుమతి తీసుకున్నప్పుడు, మనం టీవీలో చూసిన ఆ నవ్వు నవ్వేటప్పుడు, అన్నిటిలోనూ. ఈ చీకటి గురించి తన ఆత్మీయ గురువులకి రాసిన ఉత్తరాలు కాల్చేయమని అడిగిందట, వాళ్ళు కాల్చలేదు, 2007లో పుస్తకంగా వచ్చాయి, ప్రపంచం నోరెళ్ళబెట్టింది. 1961లో రిట్రీట్ నడిపించడానికి వచ్చిన న్యూనర్ అనే జెస్యూట్ ఫాదర్‌తో మాట్లాడాకే ఆమెకి ఆ చీకటితో సమాధానం దొరికింది, చీకటి పోలేదు. ఇక్కడ నేను ఫాదర్‌తో అన్నా, ఆమె కలకత్తా వీధుల్లో చచ్చిపోతున్నవాళ్ళని ఎత్తుకుంది అయ్యగారూ, నేను రైతు బజార్లో కొత్తిమీర కట్ట ఊరికే వెయ్యమని పేచీ పెట్టే మనిషిని, నాకెందుకు ఆమె కథ. ఆయన పెద్దగా నవ్వారు, ఎవరైనా విన్నారేమోనని ఇద్దరం తలుపు వైపు చూశాం. మరి మీ వాళ్ళ కథ చెప్పనా అని, 1527లో మా లూథరన్ సంఘాలకి మూలపురుషుడైన లూథర్ గారు జబ్బు పడి, నిరాశ తుఫానులో క్రీస్తుని దాదాపు పోగొట్టుకున్నానని స్నేహితుడికి ఉత్తరం రాసిన సంగతి చెప్పారు. కేథలిక్ ఫాదర్ నోట లూథర్‌ని వినడం, అదీ జాలితో వినడం. మా ఆయనకి ఫోన్ చేసి చెప్దామంటే ఫోన్ ఆఫీసులో ఉండిపోయె. బాప్టిస్టులు బాధపడొద్దు, మీకు లండన్ ప్రసంగీకుడు స్పర్జన్ గారున్నారు, 1856లో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవడో నిప్పు నిప్పు అని ఉత్తుత్తిగా అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు పోయారు, అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్ళు, ఆ దిగులు ఆయన్ని జీవితమంతా వదల్లేదు.

నాకు అన్నిటికన్నా గుర్తుండే రోజు, 88వ కీర్తన రోజు. ఉదయం మీటింగ్‌లో ఇవాళ ఇదొక్కటే, 89కి వెళ్ళొద్దు, యెషయాకి పారిపోవద్దు అన్నారు. చదివి చూడండి మీరు కూడా. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో ఎక్కడో అక్కడ ఆశ వైపు తిరుగుతాయి, పదమూడులో ఎంతవరకు నన్ను మరచిపోవుదువు అని మొదలెట్టినాయన ఆరు వచనాలు తిరిగేసరికి పాట పాడేస్తాడు. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను", అక్కడ ఆపేశాడు. నాకు కోపం వచ్చింది మొదట, ఇదేం కీర్తన, ఆదరణ లేకుండా. గంట అయ్యేసరికి మళ్ళీ మొదట్నుంచి చదివితే పైన శీర్షిక కనపడింది, రోజూ దాటేసే చిన్న అక్షరాలు. ప్రధానగాయకునికి. కోరహు కుమారుల కీర్తన. హేమాను రచించినది. కోరహు కుమారులంటే ఎవరు, దేవాలయంలో పాడే క్వయర్ వాళ్ళు. అంటే ఇది ఎవడో ఒంటరిగా డైరీలో రాసుకుంది కాదు, దీన్ని క్వయర్‌కి ఇచ్చారు, ప్రాక్టీస్ చేశారు, ఎవరో ఆల్టో, ఎవరో బేసు లాంటివాళ్ళు నిలబడి సమాజం ముందు పాడారు. నమ్మకం పొంగే రోజున పాడేవాళ్ళ కోసం ఇది రాసుండరు కదా. మనం ఆదివారం ఎత్తుకునేవన్నీ చప్పట్ల పాటలే, కీర్తనల గ్రంథంలో మూడో వంతు దాకా మొరపెట్టుకునేవే అని ఫాదర్ అంటే నేను గదికెళ్ళి పేజీలు తిప్పి చూశా, నిజమే, ఎటు తిప్పినా ఎంతవరకు, ఎందుకు, ఎక్కడున్నావు. ఆ సాయంత్రం తోటలో నడుస్తూ ఆ కీర్తనకి ఏ రాగమైతే బాగుంటుందా అని పెదాలు కదపకుండా పాడి చూసుకున్నా. చాన్నాళ్ళ తర్వాత నేను నిజం పాడినట్టు ఉంది, ప్రార్థన అంటే అదేనేమో, నాకు తెలీదు.

దేవుడు మాట్లాడాడా? అందరూ అడిగేది ఇదే, మా అత్తగారు కూడా గుమ్మంలోనే అడిగారు. లేదు. స్వరం లేదు, దర్శనం లేదు, వెచ్చగా ఏమీ అనిపించలేదు. సాక్ష్యం చెప్పమని స్త్రీల సమాజంలో లేపి నిలబెట్టారు, నేను ఇదే చెప్పా, ఇంకా ఎండిపోయే ఉన్నాను, మీతోనే కూర్చుంటాను అని. హల్లెలూయా ఎక్కడ చెప్పాలో తెలియక కాసేపు ఇబ్బంది పడ్డారు పాపం. మీటింగ్ అయ్యాక ఒక పెద్దావిడ, ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా ప్రార్థన చేసే ఆవిడ, నా చెయ్యి పట్టుకుని ఆ ఫాదర్ ఫోన్ నంబర్ అడిగింది.

ఇక తిట్లు. హౌస్ పక్కనే ఫంక్షన్ హాల్ ఉంది, మాఘమాసం ముహూర్తాలు, రాత్రి పదకొండు దాకా డీజే, మౌనం మాకే గానీ వాళ్ళకి కాదు కదా. దీనికి హౌస్ వాళ్ళని అనలేం కానీ బుకింగ్ అప్పుడు చెప్పొచ్చు. దోమలు విపరీతం. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో, ఫాదర్ తెలుగులో విడమరిచి చెప్పబట్టి సరిపోయింది, నా పక్క గదిలో ఒక పల్లెటూరి పెద్దాయన ఆ కాగితం పట్టుకుని పాపం బైబిల్‌లో నంబర్లు మాత్రం వెతుక్కునేవాడు. తెలుగులో నడిపించగల ఫాదర్లు తక్కువ, అందుకే నెలల ముందే బుక్ చేసుకోవాలి. ఇంటికొచ్చాక ఫాలోఅప్ అంటూ ఏమీ లేదు, అడిగితే ఫోన్‌లో మాట్లాడతారు, అడక్కపోతే అంతే. ఒక్క మార్కు తగ్గించింది వీటికే, సిస్టర్ గారి ప్రసంగానికి అర మార్కు విడిగా తగ్గిద్దామనుకున్నా గానీ ఆవిడ చేతి సాంబార్ వల్ల వదిలేశా.

వెళ్ళకూడని వాళ్ళు కూడా ఉన్నారు. రాత్రుళ్ళు నిద్ర లేక, తిండి సహించక, చచ్చిపోతే బాగుండు అనిపిస్తున్నవాళ్ళు ఎనిమిది రోజుల మౌనంలోకి పోవద్దు, ఇది నా మాట కాదు, అక్కడి వాళ్ళే చెప్తారు. ముందు డాక్టర్, లేదంటే ప్రభుత్వం వాళ్ళ టెలిమానస్ 14416కి చేయండి, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అద్భుతం కావాలని వెళ్ళేవాళ్ళు కూడా వద్దు, డబ్బులు వాపస్ ఇవ్వరు. మరియమ్మ బొమ్మ చూస్తేనే ఒళ్ళు మండేవాళ్ళకి కష్టం, ప్రతి మలుపులోనూ ఉంటుంది, కానీ ఎవరూ దండం పెట్టమని అడగలేదు, జపమాల చేతిలో పెట్టలేదు. చంటిపిల్లలున్నోళ్ళకి, లీవు దొరకనోళ్ళకి ఇదే ధ్యానం ఇంట్లో ఉండి రోజుకో గంట చొప్పున నెలల తరబడి చేసే పద్ధతి కూడా ఉంది, వారానికోసారి ఫాదర్‌నో సిస్టర్‌నో కలిస్తే చాలు, దాని గురించి అడిగితేనే చెప్తారు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

నేను మళ్ళీ బుక్ చేశా, ఈసారి లెంటులో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో. క్వయర్ మానలేదు, ఆల్టోలో ఇద్దరమే మిగిలాం, మానితే ఆ పిల్ల ఒక్కతే అయిపోతుంది. మీరు వెళ్తే తోట వైపు గది అడగండి, ఫంక్షన్ హాల్ వైపు ఇస్తామంటే ఒప్పుకోకండి, పెద్ద అక్షరాల తెలుగు బైబిల్ మీదే తీసుకెళ్ళండి, వాళ్ళ దగ్గరుండే ప్రింట్ చాలా చిన్నది, దోమల మందు మర్చిపోవద్దు. పచ్చడి మాత్రం వాళ్ళ దగ్గరే బాగుంటుంది.